మీటరు మీద 92 వేలు, ఇంజిన్ లెక్క వేరు

కారు 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్లు, 2015 మోడల్. మీటరు 92,400 చూపిస్తోంది. కంప్లయింట్ ఒక్కటే, ఇంజిన్ ఆయిల్ తాగుతోంది.

నెల్లూరు ఆటోనగర్‌లో నా షెడ్డుకు వచ్చేసరికే ఈ కారుకు ఇంకోచోట ఒక దఫా పని అయిపోయింది. అక్కడ ఇంజిన్ పైభాగమైన హెడ్డు దించి వాల్వ్ సీల్స్, అంటే వాల్వుల వెంట ఆయిల్ కిందికి జారకుండా ఆపే ముక్కలు, మార్చారు. నెల తిరగకముందే మళ్లీ ఆయిల్ తగ్గడం మొదలైంది. ఈసారి మామూలు ఆయిల్ తీసేసి 20డబ్ల్యూ50 పోశారు. చిక్కటి ఆయిల్‌తో కొన్నాళ్లు తాగడం తగ్గినట్టు కనిపించింది, తర్వాత అదీ తరగడం మొదలుపెట్టింది.

ఓనరు రొయ్యల చెరువులకు టెక్నీషియన్. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు రోజూ తిరుగుతాడు. కారు దిగీదిగక ముందే అన్నాడు: "పది రోజులకు అర లీటరు పోస్తా ఉండా అన్నా. ఇంజిన్ అయిపోయినట్టేనా? అయిపోయిందంటే చెప్పు, అమ్మేస్తా."

ఇలాంటి కారు రాగానే మా లైన్‌లో రెండు తీర్పులు రెడీగా ఉంటాయి. పొగ కొంచెం వస్తే సీల్స్ పోయాయి, ఎక్కువ వస్తే బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, పోయింది. రెండిట్లో ఏదో ఒకటి నిజమయ్యే కేసులు చాలానే ఉంటాయి కాబట్టి ఆ అలవాటు పోదు. నేను మాత్రం ఎంత తాగుతోందో కొలిచేదాకా ఏమీ చెప్పనన్నాను. పది రోజులకు అర లీటరు అనేది ఓనరు ఆందోళన చెప్పే లెక్క. కొన్ని కంపెనీల మాన్యువళ్లలో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు కూడా మామూలే అని రాసి ఉంటుంది. ఒప్పుకునే మాట కాదు గానీ, కొలత లేకుండా వాదించలేం.

చిక్కటి ఆయిల్ తీసేసి, కొత్త ఫిల్టర్ వేసి, మాన్యువల్‌లో చెప్పిన 5డబ్ల్యూ30 పోశాను. నా షెడ్డు ముందు నేల వాలుగా ఉంటుంది. అందుకని లోపల సమంగా ఉన్నచోట కారు నిలబెట్టి, నాలుగు టైర్ల దగ్గర సుద్దముక్కతో గీతలు గీశాను. ఇంజిన్ వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ సరిగ్గా పై గీతను తాకేలా చేశాను. ఆయిల్ మూత మీద, కింద డ్రెయిన్ బోల్టు మీద పసుపు పెయింటుతో ఒక్కో చుక్క పెట్టాను. అది చూసి ఓనరు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నా మీద నమ్మకం లేదా అన్నా?" ఉంది. కానీ ఇంట్లో తమ్ముడో, పెట్రోల్ బంకు కుర్రాడో మంచికని ఒక వంద మిల్లీ పోస్తే నా లెక్క తప్పుతుంది.

500 కిలోమీటర్లు తిరిగి వచ్చాడు. అదే చోట, అవే గీతల మీద నిలబెట్టి, మళ్లీ పది నిమిషాలు ఆగి, గీతలున్న ప్లాస్టిక్ జగ్గుతో పై గీత దాకా పోశాను. 350 మిల్లీలీటర్లు పట్టింది. అంటే వెయ్యికి 700. ఓనరు చెప్పింది అబద్ధమేం కాదు.

బయటికి కారుతోందా అన్నది తేల్చడం తేలిక. ఇంజిన్ కడిగి ఆరబెట్టి, హెడ్డు మీద మూతలా ఉండే ట్యాపెట్ కవర్ చుట్టూ, ఫిల్టర్ దగ్గర, కింద ఆయిల్ నిలిచే చాంబర్ అంచుల మీద ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాం. ఆయిల్ చెమర్చిన చోట పౌడర్ తడిసి రంగు మారుతుంది. ట్యాపెట్ కవర్ వెనకమూల వేలెడంత మేర తడి తప్ప ఇంకేం లేదు. రాత్రి కింద పరిచిన అట్టముక్క మీద ఒక్క చుక్కా పడలేదు. 700 మిల్లీలు కారాలంటే ఎన్ని వేల చుక్కలు పడాలో ఆలోచించండి. రేడియేటర్ నీళ్లలో ఆయిల్ జిడ్డు లేదు. టర్బో లేని ఇంజిన్ కాబట్టి దాంట్లోంచి ఆయిల్ పోతోందన్న అనుమానమూ లేదు. ఆయిల్ లోపలే కాలిపోతోంది.

పొగ దగ్గరే ముందటి మెకానిక్ పొరబడ్డాడు. తెలివితక్కువతో కాదు, ఆ కారు అలా నమ్మించింది. పొద్దున్నే చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే గుప్పున నీలిపొగ వచ్చి ఆగిపోతే సీల్స్ మీద అనుమానం పోతుంది. రాత్రంతా వాల్వ్ గైడ్ల వెంట ఆయిల్ కిందికి జారి ఉంటుంది. లోడు మీద లాగేటప్పుడు ఆగకుండా వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానం. ఈ కారు పొద్దున పూట శుభ్రంగా స్టార్ట్ అవుతుంది. పావుగంట ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఆన్‌లో, పెట్టి రేస్ చేస్తే మాత్రం ఒక గుప్పు వస్తుంది. ఈ లక్షణం సీల్స్‌కూ రావచ్చు, రింగులకూ రావచ్చు. ఆయన సీల్స్ అనుకున్నాడు. మా కుర్రాణ్ణి బైక్ మీద వెనక రమ్మని బైపాస్ మీద మూడో గేర్‌లో గట్టిగా లాగాను. ఎండలో కనిపించీ కనిపించనట్టుగా పల్చని నీలి తెర వచ్చిందన్నాడు. 700 మిల్లీలు తాగే ఇంజిన్‌కు ఆ పొగ చాలా తక్కువ. పొగగొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కొంత ఆయిల్‌ను కాల్చేస్తుంది. అందుకే ఈ కాలం కార్లలో పొగ కనబడలేదని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇక్కడ నేను కూడా ఒక ఆశ పడ్డాను. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ ఇరుక్కుపోతే ఆయిల్‌ను కూడా పీల్చేస్తుంది. నాలుగొందల రూపాయల్లో తేలిపోయే పని. తీసి ఊపితే గలగలమనాల్సింది, మూగగా ఉంది. దొరికిందిరా అనుకున్నాను. కొత్తది వేసి, బ్రీదర్ పైపులు కడిగి, ఇంకో 500 కిలోమీటర్లు తిరగమన్నాను. ఈసారి పట్టింది 340. పది మిల్లీల తేడా జగ్గులో నేను గీత చూసిన తీరులోనే వచ్చి ఉండొచ్చు. పీసీవీ మార్చాల్సిందే, కానీ జబ్బు అది కాదు.

ప్లగ్గులు విప్పి వరసగా పేపర్ మీద పెట్టాను. ఒకటి, నాలుగు గోధుమరంగులో బాగున్నాయి. రెండు, మూడింటి మీద ఒక పక్కన బూడిద పొక్కుల్లా కట్టింది. ఆయిల్‌లోని మందులు కాలి మిగిలే బూడిద అది. తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి, చూశాం. ఇంజిన్ వేడిగా, నాలుగు ప్లగ్గులూ తీసి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి చూస్తే వరసగా 175, 162, 158, 172 పీఎస్ఐ. మధ్య రెండూ కాస్త తక్కువ, అయినా చెడ్డవేం కాదు. స్పూను ఆయిల్ పోసి మళ్లీ చూస్తే రెండూ పది, పన్నెండు పెరిగాయి.

కుర్రాడు అన్నాడు, "కంప్రెషన్ బాగుంది గదన్నా, ఇంక రింగులేం పోతాయి?" చాలామంది బోల్తా పడేది ఈ మాట దగ్గరే. పిస్టన్ మీద మూడు రింగులుంటాయి. కంప్రెషన్ గేజ్ చెప్పేది పై రెండింటి సంగతి. మూడోది ఆయిల్ రింగు. సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపడం దాని పని. అది చచ్చుబడినా గేజ్ బాగానే చూపిస్తుంది. పైగా గోడ మీద ఆయిల్ ఎక్కువగా ఉంటే పై రింగులు ఇంకా బాగా మూసుకుని, అంకె ఒక పిసరు పెరిగినా పెరుగుతుంది.

ఫోన్‌కు తగిలించే చిన్న కెమెరాను ప్లగ్ రంధ్రంలోంచి దింపాం. రెండు, మూడు పిస్టన్ల నెత్తి మధ్యలో నల్లటి బొగ్గు, అంచు చుట్టూ మాత్రం కడిగినట్టు మెరుస్తోంది. రింగుల మీదుగా పైకొచ్చే ఆయిల్ కడిగిన అంచు అది. బోరు గోడల మీద ఫ్యాక్టరీలో ఒకదాన్నొకటి కోసేలా గీసిన సన్నటి గీతలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి, నిలువు గాట్లు లేవు. బోరు బాగున్నప్పుడు రింగులు ఎందుకు చెడ్డాయి? 92 వేలకు అరగవు. ఎందుకో తేలకుండా విప్పితే, బాగుచేసిన ఇంజిన్ మళ్లీ అదే దారి పడుతుంది.

జవాబు షెడ్డులో దొరకలేదు. ఆ వారంలోనే మైపాడు దారిలో ఆగిపోయిన ఒక పికప్ చూడ్డానికి పోయాను. వచ్చేటప్పుడు చెరువు గట్టు మీద ఈ కారు కనిపించింది. అద్దాలు ఎక్కించి ఉన్నాయి, ఇంజిన్ ఆన్‌లో ఉంది, ఓనరు లోపల ఫోన్ మాట్లాడుతున్నాడు. చెరువులో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. ఎండకు గట్టు మట్టి నెర్రెలిచ్చి ఉంది, కారు కింద మాత్రం ఏసీ నీళ్లు కారి చాపంత మేర బురదయింది. ఆ తడి పది నిమిషాల్లో అయ్యేది కాదు.

"ఎంతసేపైంది ఆన్‌లో పెట్టి?"

"పొద్దున్నుంచీ అన్నా. ఈ ఎండలో లోపల కూర్చోకపోతే శాంపిల్స్ లెక్క రాసుకునేదెట్టా? ఐడిలింగే గదా, కారు యాడికీ పోలేదు."

పక్కనే జనరేటర్ గది. గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది: ఆయిల్ మార్చింది 1,240 గంటలకు, మళ్లీ 1,490కి.

"ఇది రాసిందెవరు?"

"నేనే. జనరేటర్‌కు 250 గంటలకోసారి మార్చాల గదన్నా."

"మరి జనరేటర్ ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

కొంచెంసేపు నా మొహంలోకి చూసి, కారు వైపు చూసి, నవ్వాడు. ఆ నవ్వులో సరదా ఏం లేదు.

గట్టు మీదే లెక్క వేశాం. రోజుకు 65 కిలోమీటర్లు, దానికి రెండు గంటలు. చెరువుల దగ్గర ఐడిలింగ్ తక్కువలో తక్కువ మూడు గంటలు. మొత్తం రోజుకు అయిదు గంటలు. అతను ఆయిల్ మార్చేది స్టిక్కర్ మీద రాసినట్టు పది వేలకు. పది వేలు తిరగడానికి 154 రోజులు, అంటే 770 గంటలు. హైవే మీద సగటున అరవైలో పోయేవాడికి అదే పది వేలు 167 గంటల్లో అయిపోతాయి. ఇతని ఆయిల్ దానికి నాలుగు రెట్లకు పైగా పనిచేసింది. అందులోనూ ఐడిలింగ్‌లో ఇన్‌టేక్ వైపు వాక్యూమ్ ఎక్కువ, రింగుల పక్కనుంచి ఆయిల్ పైకి లాగబడుతుంది. లోడు లేని ఇంజిన్‌లో పిస్టన్ తగినంత వేడెక్కదు, కాలీకాలని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది, అదంతా పిస్టన్ మీద రింగులు కూర్చునే గాళ్లలో జిగురై గట్టిపడుతుంది. వీటన్నిటి మీదా నెల్లూరు ఎండ.

ఓనరుకు ఖర్చుల లెక్క దాచకుండా చెప్పాను. నెలకు రెండు వేల కిలోమీటర్లు, లీటరున్నర ఆయిల్, అంటే సుమారు 600 రూపాయలు. ఇంజిన్ పనికి 30 వేలు దాటుతుంది. ఒట్టి ఆయిల్ ఖర్చే చూస్తే పోసుకుంటూ తిరగడమే చవక. కానీ ప్లగ్గులు, క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతాయి. ఒక్కసారి డిప్‌స్టిక్ చూడటం మర్చిపోతే అసలుకే మోసం. అందుకని ముందు చవక మందు ప్రయత్నిద్దామన్నాను.

క్రాంక్ తిప్పి నాలుగు పిస్టన్లూ సగం ఎత్తుకు తెచ్చి, ప్లగ్ రంధ్రాల్లోంచి కార్బన్ కరిగించే ద్రవం పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున స్పానర్‌తో క్రాంక్‌ను అటూ ఇటూ కొంచెం ఆడించి, మళ్లీ పోసి ఇంకో రాత్రి. తర్వాత సిరంజితో మిగిలింది లాగేసి, రంధ్రాలకు గుడ్డ అడ్డం పెట్టి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టాం. లోపల ద్రవం ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇక్కడ తొందర పనికిరాదు. పాత ఆయిల్ తీసేసి కొత్తది పోసి స్టార్ట్ చేస్తే వచ్చిన పొగకు పక్క షెడ్డువాళ్లు నీళ్ల బకెట్‌తో పరిగెత్తుకొచ్చారు.

700 కాస్తా 420 అయింది. 1,500 కిలోమీటర్లకే ఇంకోసారి ఆయిల్ మార్చాం, 400 దగ్గర ఆగిపోయింది. "సగం తగ్గింది గదా, చాల్లే అన్నా" అన్నాడు. రెండు నెలలకు చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. మూడో ప్లగ్ బూడిద కట్టి మిస్సింగ్ వస్తోంది. విప్పమన్నాడు.

హెడ్డు, చాంబర్ దించి పిస్టన్లు పైకి తీశాం. మూడో పిస్టన్ ఆయిల్ రింగును బొటనవేలితో నొక్కితే కదల్లేదు, పిస్టన్‌తో కలిపి పోత పోసినట్టుంది. ఆయిల్ రింగులో రెండు పల్చటి పట్టీలు, వాటి మధ్య అలల్లాంటి స్ప్రింగు ఉంటాయి. గోడ మీంచి గీకిన ఆయిల్ గాళ్ల వెనక ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. ఆ రంధ్రాల్లో ఒక్కటైనా తెరిచి లేదు. రెండో పిస్టన్‌కు సగం మూసుకున్నాయి. ఒకటి, నాలుగింటికి రింగు బిగువుగానే అయినా కదిలింది. మేం చేసిన నానబెట్టుడు వీటి దాకానే పనిచేసినట్టుంది.

రంధ్రాలను పాత స్కూటర్ క్లచ్ వైరులోంచి లాగిన ఒక్క పోగుతో తెరిచాం. డ్రిల్ బిట్ పెడితే రంధ్రం పెద్దదవుతుంది, సూది పెడితే విరిగి లోపలే ఉండిపోతుంది. గాళ్లను గీకడానికి విరిగిన పాత రింగుముక్క మా తాతలనాటి పనిముట్టు. బొగ్గు ఊడాక మెత్తటి అల్యూమినియం చెక్కుకుపోకుండా చెయ్యి ఆపడం తెలియాలి. కుర్రాడికి ఒక్క పిస్టనే ఇచ్చి, మిగతా మూడూ నేనే చేశాను.

లేత్‌లో బోరు కొలిస్తే అరుగుదల మిల్లీమీటరులో నూరో వంతులు రెండు, లిమిట్ లోపలే. లేత్ ఆయన "ఎట్టాగూ విప్పినావు, బోరింగ్ కొట్టించి కొత్త పిస్టన్లు వేసేయన్నా, గ్యారంటీగా ఉంటది" అన్నాడు. బాగున్న బోరును తవ్వడం దేనికి? తేలిగ్గా హోనింగ్, అంటే సానరాళ్లతో గోడను రుద్దడం, మాత్రం చేయించి, స్టాండర్డ్ సైజు రింగులు తెచ్చాం. హోనింగ్ తర్వాత బోరును పెట్రోలుతో తుడిస్తే రాళ్ల పొడి గీతల్లోనే ఉండిపోతుంది. బట్టల సబ్బు, వేడినీళ్లు, బ్రష్షు పెట్టి కడిగి, తెల్ల బనియన్ గుడ్డతో తుడిచాం. గుడ్డకు బూడిదరంగు అంటినన్నిసార్లూ మళ్లీ కడిగాం. అయిదోసారికి తెల్లగా వచ్చింది. వెంటనే ఆయిల్ రాయకపోతే గంటలో తుప్పు పడుతుంది.

ప్రతి రింగునూ బోరులోకి దించి, పిస్టన్‌తో సమంగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో సందు చూశాం. బిగింపులో అందరూ జారే చోటు ఆయిల్ రింగు స్ప్రింగు కొసలు. రెండు కొసలూ ఎదురెదురుగా ఆనాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కొత్త రింగులతో కూడా బండి మొదటి రోజునుంచే ఆయిల్ తాగుతుంది. రింగుల సందులన్నీ ఒకే వరసలో పడకుండా తలా ఒక దిక్కుకు తిప్పాం. ముందటి షెడ్డులో వేసిన వాల్వ్ సీల్స్ విప్పి చూస్తే పని శుభ్రంగా ఉంది. ఆయన చేతిపనిలో తప్పు లేదు. హెడ్డు దిగింది కాబట్టి కొత్తవి వేశాం.

రింగులు, గాస్కెట్ కిట్, బేరింగులు, హెడ్ బోల్టులు, ప్లగ్గులు, ఆయిల్, లేత్ పని, మజూరీ అన్నీ కలిపి 31,600 అయింది. ఆరు రోజులు పట్టింది. అంతకుముందు చేసిన పీసీవీ, నానబెట్టుడు ఖర్చు అయిదు వేల దాకా వేరే. ముందే గట్టు మీదికి పోయి చూసుంటే పీసీవీ మీద ఆశ పెట్టుకుని పోగొట్టిన వారమైనా మిగిలేది.

కొత్త రింగులు గోడకు ఒదగాలంటే లోడు కావాలి. మొదటి వారం చెరువుల దగ్గరికి పోవద్దని, కావలి దాకా హైవే మీద నలభై నుంచి ఎనభైకి లాగి, యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ లాగుతూ పొమ్మన్నాను. మొదటి 500కు 90 మిల్లీలు పట్టింది. తర్వాతి వెయ్యికి 80. ఆపైన వెయ్యికి 40 దగ్గర నిలబడింది.

ఐడిలింగ్ పూర్తిగా మానమంటే అతని ఉద్యోగం మానమన్నట్టే. గంటకు తగ్గించుకున్నాడు. జనరేటర్ గది పక్కన టార్పాలిన్ కట్టి, టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని అక్కడే లెక్కలు రాసుకుంటున్నాడు. రోజుకు మూడు గంటల చొప్పున 250 గంటలకు 83 రోజులు, 5,400 కిలోమీటర్లు. అందుకని ఆయిల్ అయిదు వేలకే మార్చాలని అనుకున్నాం. మొన్న వచ్చినప్పుడు డ్యాష్‌బోర్డు మీద చిన్న నోటుబుక్కు ఉంది. కిలోమీటర్లు ఒక వరస, గంటలు ఒక వరస. 5,060, పక్కన 241. డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ దించి చూశాను. ఆయిల్ పై గీతకు రెండు అగ్గిపుల్లల మందం కింద ఉంది.